మెల్లకన్ను శాతాలు కలవకపోతే ఏం చూడాలి?

ఒక సర్వేలో 2 శాతం, మరొకదానిలో దానికి ఎన్నో రెట్లు రావడానికి ముఖ్య కారణం బహుశా ఇదే: రెండోది దాగి ఉన్న మెల్లను కూడా కలిపేసింది.

1. నిర్వచనం చూడండి. రెండు కళ్లూ తెరిచి ఉండగానే ఒక కన్ను పక్కకు తిరిగి ఉంటే అది బయటపడిన మెల్ల. ఒక కన్నును చేత్తోనో అట్టతోనో మూసినప్పుడు మాత్రమే అది తిరిగి, తెరవగానే సర్దుకుంటే దాగి ఉన్నది. కొద్దిపాటిది చాలామందికి ఉంటుంది, జబ్బు కాదు.

2. అందరూ దాటేసేది పరీక్ష పద్ధతి. కళ్లను మార్చి మార్చి మూసే పరీక్ష ఈ రెండింటినీ విడదీయలేదు. ఒక కన్ను మూసి, తెరిచి ఉన్న రెండో కన్ను కదిలిందా అని చూసే పరీక్ష కావాలి. అది చేశామని రాయని సర్వే అంకెను నేనైతే వాడను. కళ్లద్దాలతో చూశారా, లేకుండానా అన్నదీ వెతకండి. ప్లస్ పవర్ ఉన్న కొందరు పిల్లల్లో లోపలి మెల్ల (కన్ను ముక్కు వైపు తిరగడం) అద్దాలు పెట్టగానే సర్దుకుంటుంది.

3. కంటి ఆసుపత్రికి వచ్చినవారి లెక్కను పక్కన పెట్టండి. అది జనాభా లెక్క కాదు.

ఇలా వడపోస్తే చాలా సర్వేలు సుమారు 1 నుంచి 4 శాతం మధ్యకు వస్తాయి. లోపలి మెల్ల, బయటి మెల్ల (కన్ను చెవి వైపు తిరగడం) విడివిడిగా రాయండి: యూరప్ మూలాల పిల్లల్లో మొదటిది, తూర్పు ఆసియా పిల్లల్లో రెండోది ఎక్కువ.