పాఠకుల ప్రశ్నలు: పెట్రోలు మండుతుంటే పికప్‌ను అమ్ముకోవాలా?

ప్రశ్న: నేను అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో ఉంటున్నాను. 2022లో రామ్ 1500 టీఆర్‌ఎక్స్ పికప్‌ను, స్టిక్కరు ధర (కంపెనీ నిర్ణయించిన ధర) మీద డీలరు అదనంగా అడిగిన మొత్తం కూడా ఇచ్చి, ఏడేళ్ల వాయిదాల మీద కొత్తగా కొన్నాను. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న బండి అది. ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతాను. పెట్రోలు ధర పెరిగినకొద్దీ డీలర్లు ఇస్తామనే ధర తగ్గుతూ వస్తోంది. కిందటి వారం ఒకరు చెప్పిన ధర, బ్యాంకుకు నేను ఇంకా కట్టవలసిన బాకీకన్నా తక్కువగా ఉంది. మరింత పడిపోకముందే అమ్మేసి, మైలేజీ ఇచ్చే కారు కొనుక్కోమని మిత్రులు ఒత్తిడి చేస్తున్నారు. అమ్మమంటారా, ఆగమంటారా?

జవాబు: ముందుగా మీరు రెండు నష్టాలను విడదీసి చూడాలి. ఒకటి పెట్రోలు పోయించుకునేటప్పుడు జేబులోంచి పోయేది. రెండవది బండి అమ్మేటప్పుడు ధరలో పోయేది. మొదటిదాన్ని ఎవరైనా కాగితం మీద లెక్క కట్టవచ్చు. రెండవది మాత్రం ఆ రోజు కొనేవాళ్లు ఎంత భయపడుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. మీ మిత్రులు ఈ రెంటినీ కలిపి మాట్లాడుతున్నారు.

మొదటి లెక్క చూద్దాం. మీ బండిలో ఉన్నది 702 హార్స్‌పవర్ ఇచ్చే 6.2 లీటర్ల సూపర్‌ఛార్జ్‌డ్ వీ8 ఇంజను. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దానికి ఇచ్చిన సగటు మైలేజీ గాలనుకు 12 మైళ్లు. ఏడాదికి 12,000 మైళ్లంటే సరిగ్గా 1,000 గాలన్లు. అంటే గాలను ధర ఒక డాలరు పెరిగితే మీకు ఏటా 1,000 డాలర్లు, నెలకు సుమారు 83 డాలర్లు అదనంగా ఖర్చవుతుంది. గాలనుకు 30 మైళ్లు ఇచ్చే కారుకు మారితే 400 గాలన్లతో ఏడాది గడుస్తుంది. గాలను 4 డాలర్లనుకుంటే, మిగిలేది ఏటా 2,400 డాలర్లు. మీ బండికి 91 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు పోయాలి కాబట్టి, మామూలు పెట్రోలుకూ దానికీ ఉన్న తేడాను కూడా కలుపుకోండి. ఆ తేడా 80 సెంట్లయితే మరో 800 డాలర్లు. మొత్తం 3,200 డాలర్లు. ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయితే కంగారులో అమ్మితే ధరలో పోయేది, కొత్తగా తీసుకునే కారు మీద కట్టే 6.25 శాతం రాష్ట్ర పన్ను, కొత్త అప్పు మీద వడ్డీ, ఇవన్నీ ఈ మొత్తానికి ఎదురుగా పెట్టి చూడాలి. పాత బండిని అదే డీలరుకు ట్రేడ్-ఇన్‌గా ఇస్తే టెక్సస్‌లో రెండు ధరల మధ్య తేడా మీదే పన్ను పడుతుంది. విడిగా అమ్ముకుంటే ఆ వెసులుబాటు ఉండదు.

ఇక రెండవ నష్టం. సెకండ్ హ్యాండ్ బండ్ల ధరలు పెట్రోలు ధరకు కొత్త బండ్లకన్నా చాలా తీవ్రంగా స్పందిస్తాయి. కొత్త బండి అమ్ముడుపోకపోతే కంపెనీ ఉత్పత్తి తగ్గించుకోగలదు, రాయితీలు ఇవ్వగలదు. ఇప్పటికే రోడ్డు మీద ఉన్న బండ్ల సంఖ్యను మాత్రం ఎవరూ తగ్గించలేరు కాబట్టి, గిరాకీ పడిపోతే ఆ భారమంతా ధర మీదే పడుతుంది. 2013లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రచురించిన పరిశోధన ఈ తేడాను అంకెల్లో చూపింది. పెట్రోలు గాలనుకు ఒక డాలరు పెరిగినప్పుడు, మైలేజీ బాగా ఇచ్చే పావు భాగం బండ్లకూ అతి తక్కువ ఇచ్చే పావు భాగం బండ్లకూ మధ్య ధరల అంతరం కొత్త బండ్లలో 354 డాలర్లు మారితే, పాత బండ్లలో 1,945 డాలర్లు మారిందని వారు తేల్చారు. దీనికి తోడు పెర్ఫార్మెన్స్ పికప్ (వేగం, శక్తి కోసం చేసిన పికప్) విషయంలో నేను గమనించినది మరొకటి ఉంది. ఇలాంటి బండిని కొత్తగా కొనే మనిషి పెట్రోలు ఖర్చును పెద్దగా పట్టించుకోడు. అదే బండిని నాలుగేళ్ల తరవాత కొనే మనిషి మాత్రం నెల జీతంలోంచి వాయిదా, బీమా, పెట్రోలు మూడూ సర్దుకోవలసినవాడు. బండి అదే అయినా కొనేవాడి పరిస్థితి వేరు గనుక, గ్యాస్ స్టేషన్ బోర్డు మీద అంకె మారగానే ముందుగా వెనకడుగు వేసేది అతనే.

2008 ఇందుకు గట్టి ఉదాహరణ. ఆ ఏడాది జూలైలో దేశ సగటు ధర 4.11 డాలర్లు దాటింది. మే నెలలోనే హోండా సివిక్ ఎన్నో ఏళ్లుగా ముందున్న ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్‌ను నెలవారీ అమ్మకాల్లో వెనక్కు నెట్టింది. నెలనెలా అద్దెకిచ్చే లీజు ముగిశాక బండ్లకు వస్తుందని ముందు వేసుకున్న విలువ ఇక రాదని గ్రహించి, ఫోర్డ్ తన రుణ విభాగపు పుస్తకాల్లో 2.1 బిలియన్ డాలర్లు తగ్గించి రాసుకుంది. క్రైస్లర్ రుణ విభాగం లీజులు ఇవ్వడమే ఆపేసింది. ఏడాది చివరికల్లా పెట్రోలు 2 డాలర్ల కిందికి దిగింది గానీ, అప్పటికి ఆర్థిక సంక్షోభం వచ్చి అప్పు పుట్టడం కష్టమైంది. అందువల్ల పెట్రోలు చవకైనంత మాత్రాన ట్రక్కుల విలువ వెంటనే తేరుకోలేదు. ధర దిగివచ్చాక అమ్ముకుందామని ఆగేవాళ్లు ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి.

2022లో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. జూన్ 14న దేశ సగటు 5.016 డాలర్లకు చేరి రికార్డు సృష్టించింది. అయినా పెద్ద పికప్‌ల విలువ 2008లో లాగా కుప్పకూలలేదు. చిప్‌ల కొరత వల్ల కొత్త బండ్లు దొరకక, ఉన్న బండికే గిరాకీ ఏర్పడింది. మీరు డీలరుకు అదనంగా కట్టిన సొమ్ము ఆ కొరత ధరే. ఇప్పుడు మీకు కనిపిస్తున్న పతనంలో చాలా భాగం ఆ కొరత తీరిపోవడం వల్లా, 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గర ఉన్న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 2023 జూలైకి 5.25–5.50 శాతానికి చేరడం వల్లా మొదలైంది. మీకు కొత్త నష్టంలా కనిపిస్తున్నది చాలావరకు ఎప్పుడో జరిగిపోయిన నష్టమే. పెట్రోలు దాన్ని బయటపెట్టింది, కొంత పెంచింది. ఈ మాట మీకు ఊరట కాదని తెలుసు. కానీ తప్పు కారణాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటే నష్టం రెండింతలవుతుంది.

మీ బండికి అనుకూలమైన అంశమూ ఒకటుంది. ఆ తరం టీఆర్‌ఎక్స్ ఉత్పత్తి 2024 మోడల్‌తో ఆగింది. దాని తరవాత రామ్ తెచ్చిన ఆర్‌హెచ్‌ఓలో 540 హార్స్‌పవర్ ఇచ్చే ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజను పెట్టారు. మీ తరం బండిలోని వీ8నే కోరుకునే అభిమానులు ఉంటారు కాబట్టి, సాధారణ పికప్‌కన్నా దీని విలువ కొంత నిలబడుతుంది. అయితే కంపెనీ ఎప్పుడు అలాంటి కొత్త బండి తెచ్చినా ఈ బలం పలచబడుతుంది. దాని మీద మరీ భరోసా పెట్టుకోకండి.

నా సలహా ఇది. నెలసరి వాయిదా, పెట్రోలు కలిపి మీ సంసారానికి భారం కానంతవరకు, పెట్రోలు వేగంగా పెరుగుతున్న వారాల్లో బండిని అమ్మకండి. ఆ కొద్ది వారాల్లో డీలర్లు తమకు రాబోయే నష్టాన్ని కూడా ముందే మీ ధరలోంచి కోసుకుంటారు. ధర పెరిగి ఒక చోట నిలకడగా ఉన్నప్పుడు కొనేవాళ్లు కొంత అలవాటు పడతారు, మాట్లాడుకునే వీలుంటుంది. ఈలోగా రోజువారీ తిరుగుడు తగ్గించుకుని, వీలైతే అసలు మీద కొంత అదనంగా కట్టి, బాకీని బండి విలువ కిందికి తెచ్చుకోండి. ఇప్పుడే అమ్మక తప్పదనుకుంటే, ఒకే రోజున కనీసం మూడు చోట్ల రాతపూర్వకంగా ధర తీసుకోండి. బ్యాంకు నుంచి బాకీ తీర్చే మొత్తం, అది చెల్లే తేదీతో సహా తెప్పించుకోండి. నేరుగా వ్యక్తికి అమ్మడానికి కూడా ప్రయత్నించండి. ఒక్కటి మాత్రం చేయకండి: మిగిలిన బాకీని కొత్త కారు అప్పులో కలిపేస్తామని డీలరు చెబితే ఒప్పుకోవద్దు. మీ చేతిలో లేని బండికి వడ్డీ కడుతూ, పెట్రోలులో మిగిలే 3,200 డాలర్లను అక్కడే పోగొట్టుకుంటారు.

ప్రశ్న: అందరూ అమ్ముతున్న ఈ సమయంలో సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ కొనడం తెలివైన పనేనా? మామూలు రాప్టర్ మంచిదా, రాప్టర్ ఆర్ మంచిదా?

జవాబు: కొనేవాడికి ఇది మంచి సమయమే, కానీ ఒక విషయం గమనించాలి. డీలర్లు కొనుక్కునే టోకు వేలాల్లో ధర వారాల్లోనే పడిపోతుంది. వారి షోరూములో ఉన్న బండి మీద రాసిన ధర మాత్రం, దాన్ని ఎక్కువ పెట్టి కొన్నారు కాబట్టి, అంత త్వరగా దిగదు. అందువల్ల చాలా రోజులుగా అమ్ముడుపోకుండా ఉన్న బండిని వెతికి, దాని మీద బేరమాడండి. నిన్న మొన్న పెట్టిన బండి మీద బేరం సాగదు.

ఏది కొనాలన్న విషయంలో మైలేజీ అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2021 తరవాతి మామూలు రాప్టర్‌కు, 35 అంగుళాల టైర్లతో, సగటు మైలేజీ 16 మైళ్లు. సూపర్‌ఛార్జ్‌డ్ వీ8 ఉన్న రాప్టర్ ఆర్‌కు 12. తేడా నాలుగే కదా అనిపిస్తుంది. కానీ 12,000 మైళ్లకు మొదటిది 750 గాలన్లు తాగితే రెండవది 1,000 తాగుతుంది, అంటే 250 గాలన్ల తేడా. అదే 24 మైళ్ల బండి నుంచి 32 మైళ్ల బండికి మారితే మిగిలేది 125 గాలన్లు మాత్రమే. తక్కువ మైలేజీ బండ్లలో ఒక్కో మైలూ చాలా విలువైనది. పెట్రోలు పెరిగినప్పుడు ఆర్ వంటి బండ్ల ధర మిగతావాటికన్నా ఎక్కువ ఊగడానికి ఇదే మూలం. రోజూ నడపడానికైతే ఆరు సిలిండర్ల ఇంజనున్న మామూలు రాప్టర్ తీసుకోండి. ఏ బండైనా లిఫ్టు మీదికి ఎక్కించి కింది రక్షణ పలకల మీద దెబ్బలు, ఫాక్స్ షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారడం చూడందే డబ్బు కట్టవద్దు. ఇంజను ట్యూన్ మార్చిన బండి ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

ప్రశ్న: మా అన్నయ్య దగ్గర 2005 డాడ్జ్ రామ్ ఎస్ఆర్‌టీ-10 ఉంది. పెట్రోలు పెరిగితే దాని విలువ కూడా పడిపోతుందా?

జవాబు: దాదాపు పడదు. డాడ్జ్ స్పోర్ట్స్ కారు వైపర్ నుంచి తెచ్చిన 8.3 లీటర్ల వీ10 ఇంజనుతో 2004 నుంచి 2006 వరకే తయారైన బండి అది. 2004లో గంటకు 154.587 మైళ్ల వేగంతో, కంపెనీలు తయారుచేసి అమ్మే పికప్‌లలో రికార్డు నెలకొల్పింది. దాన్ని కొనేవాళ్లు ఏడాదికి వెయ్యి, రెండు వేల మైళ్లకు మించి నడపరు. గాలనుకు 10 మైళ్లే ఇచ్చిందనుకున్నా, 2,000 మైళ్లకు 200 గాలన్లు. డాలరు పెరిగితే 200 డాలర్లు. దాని విలువను నిర్ణయించేవి అసలు రంగు, అసలు విడిభాగాలు, సర్వీసు కాగితాలు, తక్కువ మైళ్లు. రెండు తలుపుల, ఆరు గేర్ల మాన్యువల్ బండికీ, నాలుగు తలుపుల ఆటోమేటిక్ బండికీ అభిమానులు వేరువేరు కాబట్టి, ధర పోల్చేటప్పుడు అదే రకంతో పోల్చమనండి. బీమా మాత్రం విలువను ముందే ఒప్పుకుని రాసే పద్ధతిలో తీసుకోమని చెప్పండి. మామూలు పాలసీ దాన్ని ఇరవై ఏళ్ల పాత ట్రక్కుగానే లెక్కగడుతుంది.