వైవిధ్యమా, వైవిధ్యతా? మధ్యలో 'రకం'

సందేహం: పాఠ్యపుస్తకంలో 'జీవవైవిధ్యం' అని ఉంది, పేపర్లలో 'జీవవైవిధ్యత' అని రాస్తున్నారు. ఏది ఒప్పు? ఈ పెద్ద మాటకు బదులు 'రకాలు' అంటే చాలదా? మా ఊరి గుట్ట మీద వేల కానుగ మొక్కలు నాటించారు. 'దీంతో జీవవైవిధ్యం పెరిగింది' అని పిల్లలు ప్రాజెక్టులో రాశారు. ఆ వాక్యం ఉంచవచ్చా?
– ఒక సైన్సు టీచరు, కదిరి

సమాధానం: మొదటిదానికి ఎక్కువ చెప్పాల్సిన పని లేదమ్మా. 'వివిధ' కాస్తా 'వైవిధ్యం' అయినప్పుడే 'వివిధంగా ఉండటం' అనే భావార్థం వచ్చేసింది. దానికి మళ్లీ 'త' తగిలించడం దండగ. 'త' మీద అంత మోజుంటే 'వివిధత' అనవచ్చు, వ్యాకరణం కాదనదు. 'ప్రాముఖ్యత', 'ఐక్యత' ఇలాగే దూరి స్థిరపడ్డాయి కనుక 'వైవిధ్యత' కూడా రేపు నిఘంటువు ఎక్కుతుందేమో. అందాకా నేనైతే రాయను. టీవీలో 'వివిధ రకాల వైవిధ్యత' అని కూడా విన్నాను. ఒకే అర్థాన్ని మూడుసార్లు వడ్డించారు, పైన 'త' కొసరు!

నన్ను పట్టి ఆపింది మీ రెండో ప్రశ్న. 'రకం' అచ్చ తెలుగు అనుకుంటాం కదా, కాదు. సంస్కృతమూ కాదు. అరబ్బీ 'రఖమ్'. అక్కడ దానికి రాత, గుర్తు, అంకె అని అర్థాలు. పారసీ మీదుగా ఉర్దూలోకి వచ్చేసరికి లెక్కల చిట్టాలో రాసుకునే పద్దు, ఆ పద్దు కింది సొమ్ము, పద్దులోని సరుకు, చివరికి ఆ సరుకు తీరు అని అర్థం సాగుతూ పోయింది. ఉర్దూలో ఇప్పటికీ 'రఖమ్' అంటే ముందు తోచేది డబ్బే. నవాబుల ఏలుబడి చూసిన మన కడప, కర్నూలు సీమల్లో జమ, ఖర్చు, బాకీ, వసూలు అన్నీ ఆ కచేరీ (సర్కారు కార్యాలయం) భాషలోంచి వచ్చినవే. 'రకం' విషయంలో మాత్రం మనం సొమ్మును వదిలేసి తీరును ఉంచుకున్నాం. ఆపైన 'రకరకాలు' అని జంట కట్టాం, 'వాడదో రకంలే' అని వెక్కిరించాం. ఇక దాన్ని పరాయిది అనడానికి నోరు రాదు.

అంకె, తీరు రెండూ ఒకే మాట కడుపులో ఉండటం నాకు భలే ముచ్చట. జీవవైవిధ్యాన్ని కొలిచేవాళ్లూ ఈ రెంటినే అడుగుతారు: ఎన్ని తీరులు, ఒక్కో తీరువి ఎన్ని? రెండు చేలు చూడండి. ఒకదాంట్లో నూరు మొక్కలుంటే 96 శెనక్కాయ (కర్నూలు వైపువాళ్లు బుడ్డలు అని చదువుకోండి), కంది, అలసంద, అనుము, ఆముదం ఒక్కొక్కటి. రెండో చేలో ఆ అయిదూ ఇరవయ్యేసి. పేర్ల పట్టీ రాస్తే రెండూ అయిదే. కళ్లు మూసుకుని రెండు మొక్కలు పట్టుకుంటే అవి వేరువేరువి అయ్యే అవకాశం మొదటి చేలో నూటికి దాదాపు 8, రెండో చేలో దాదాపు 81. ఈ లెక్కను 1949లో బ్రిటిష్ గణాంకవేత్త ఎడ్వర్డ్ సింప్సన్ చెప్పాడు. అంతకు ముందు ఏడాది అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ తంతి సందేశాల కోసం కట్టిన సూత్రాన్ని కూడా జీవశాస్త్రం వాళ్లు ఇదే పనికి వాడుకుంటున్నారు.

అయితే 'రకం'తో ఒక చిక్కుంది. మీ కదిరిలో విత్తనాల అంగడికి పోతే 'ఏ రకం కావాల, కదిరి ఆరా, లేపాక్షా?' అంటారు. అవి రెండూ శెనక్కాయలే, జాతి ఒక్కటే. రైతు రకం జాతి లోపలి తేడా. పైన నేను లెక్కపెట్టింది జాతులను. జాతి లోపలి తేడాలు, జాతులు, అవి బతికే తావులు, ఈ మూడు మెట్లూ 'జీవవైవిధ్యం'లో కలుస్తాయి. ఇంట్లో, పొలంలో 'రకాలు' అనండి, నాకు ఇష్టమే. పరీక్షలో మాత్రం 'జాతులు', 'వైవిధ్యం' వాడించండి.

ఇక కానుగలు. వేల మొక్కలు నాటినా జాతుల పట్టీలో కలిసేది ఒక్క పేరే. అదీ గుట్ట మీద అంతకుముందు కానుగ లేకపోతేనే. పైగా అన్నీ అవే అయితే సింప్సన్ అంకె కిందికి దిగవచ్చు. బీళ్లు, పలచటి పొదలు కూడా కొన్నిటికి ఇల్లే. 1900 తర్వాత కనబడక, 1986లో మన కడప జిల్లాలో మళ్లీ దొరికిన కలివికోడి అనే పక్షి అలాంటి పలచటి పొదల్లోనే తిరుగుతుంది. చెట్లు దట్టమైతే దానికి చోటుండదు. అలాగని కానుగ నాటడం తప్పని నేననను. గుట్ట మునుపు ఎట్లుండేదో నేను చూడలేదు.

'పచ్చదనం పెరిగింది' అని పిల్లలు రాస్తే ఇప్పుడే ఒప్పుకుంటాను. 'జీవవైవిధ్యం పెరిగింది' అంటారా, నాటకముందు అక్కడ ఏమేం ఉండేవో, ఎన్నెన్ని ఉండేవో పట్టీ ఉంటే జత చేయమనండి.