కొత్త స్కూల్ స్థలం, టీచర్ల జీతాలు, ఇంటి పన్ను: మూడూ కలిపి ఎలా తూచాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదనుకుంటున్నాను. మసాచుసెట్స్‌లో మీ టౌన్ పాత ఎలిమెంటరీ స్కూల్ బదులు కొత్తది కట్టబోతోంది. ఎక్కడ కట్టాలన్నదాని మీద ఊరు రెండుగా చీలింది. అదే సమయంలో టీచర్ల కాంట్రాక్టు చర్చలు నడుస్తున్నాయి. పన్ను ఎంత పెరుగుతుందంటే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తున్నారు. ఏది చూసి ఓటెయ్యాలి అని అడిగారు.

మా టౌన్ ఫైనాన్స్ కమిటీలో కొన్నేళ్ళు పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఈ మూడింటినీ విడివిడిగా చూపించే ఏ లెక్క మీదా ఆధారపడొద్దు. బిల్డింగు అప్పు ఏదో ఒక ఏడు తీరిపోతుంది. జీతాల ఖర్చు తీరేది కాదు, ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. స్థలం ఎంపిక ఈ రెండింటినీ ప్రభావితం చేస్తుంది. కానీ టౌన్లలో బిల్డింగు ఒక కమిటీ చూస్తుంది, జీతాలు స్కూల్ కమిటీ మాట్లాడుతుంది, పద్దు ఇంకొకరు రాస్తారు. మూడూ ఒకే కాగితం మీదికి రావాలంటే ఎవరో ఒకరు పట్టుబట్టి అడగాలి.

ముందు ప్రొపోజిషన్ 2½ సంగతి. 1980 నవంబరులో ఓటర్లు ఆమోదించిన చట్టం ఇది. టౌన్ వసూలు చేసే మొత్తం ప్రాపర్టీ ట్యాక్స్ పరిమితి ఏడాదికి 2.5 శాతం మాత్రమే పెరుగుతుంది; కొత్త కట్టడాల మీద వచ్చే పన్ను అదనం. మన వాళ్ళు చాలామంది "నా బిల్లు అంతకన్నా ఎక్కువ పెరిగిందేంటి" అని అడుగుతుంటారు. ఆ పరిమితి టౌన్ మొత్తానికి, ఒక్కో ఇంటికి కాదు. దాన్ని దాటాలంటే బ్యాలెట్ మీదికి రావాలి. అందుకు రెండు దారులున్నాయి. ఓవర్‌రైడ్ గెలిస్తే పరిమితి శాశ్వతంగా పెరుగుతుంది. డెట్ ఎక్స్‌క్లూజన్ గెలిస్తే ఆ అప్పు తీరేదాకా మాత్రమే అదనపు పన్ను పడుతుంది. స్కూల్ కట్టడానికి సాధారణంగా రెండోది వాడతారు. జీతాలకు అది పనికిరాదు, మొదటిదే దిక్కు.

ఇక జీతాలు. మీ టౌన్ పేపర్లో "టీచర్లకు 3 శాతం పెంపు" అని చదివితే అసలు ఖర్చు అంతే అనుకోకండి. టీచర్ల జీతాల పట్టికలో స్టెప్పులు, లేన్లు ఉంటాయి. ఏడాది సర్వీసు పూర్తయితే ఒక స్టెప్పు, మాస్టర్స్ చేస్తే, ఆపైన క్రెడిట్లు సంపాదిస్తే ఒక లేను. పట్టిక మొత్తాన్ని 3 శాతం పైకి జరిపినప్పుడు, చివరి స్టెప్పుకి చేరని ప్రతి టీచరూ ఆ 3 శాతంతో పాటు స్టెప్పు కూడా ఎక్కుతారు. రిటైరయ్యే సీనియర్ల చోట కొత్తవాళ్ళు తక్కువ జీతానికి చేరితే కొంత మిగులుతుంది కానీ, అది ఏ ఏడు ఎంతన్నది ఎవరి చేతిలోనూ ఉండదు.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు చెప్తాను. స్కూల్ జీతాలు 4 కోట్ల డాలర్లు అనుకోండి. 3 శాతం పెంపు అంటే 12 లక్షలు. స్టెప్పులు, లేన్ల వల్ల ఇంకో ఒకటిన్నర శాతం, అంటే 6 లక్షలు. మొత్తం 18 లక్షలు. ఆ టౌన్ పన్ను వసూలు 6 కోట్లయితే అందులో 2.5 శాతం 15 లక్షలు. కొత్త కట్టడాల పన్ను, రాష్ట్రం ఇచ్చే సాయం కలిస్తే కొంత ఊరట. అయినా హెల్త్ ఇన్సూరెన్స్, పోలీసు, ఫైర్, రోడ్లు, మంచు తీయడం ఇంకా లెక్కలోకి రానేలేదు. ఎవరూ దుబారా చెయ్యకపోయినా ఈ తేడా ఏటా వస్తుంది. ఇది అర్థమయ్యాక టీచర్ల యూనియన్ మీద కోపం తగ్గింది నాకు. మన పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు పక్క టౌన్‌కి వెళ్ళిపోకుండా ఉండాలంటే జీతం ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. ఈ రాష్ట్రంలో టీచర్లకు ఆ ఉద్యోగం మీద సోషల్ సెక్యూరిటీ లేదు. 2001 జులై తర్వాత చేరినవాళ్ళు జీతంలో 11 శాతం పెన్షన్‌కి కడతారు. యజమాని వైపు పెన్షన్ భారం రాష్ట్రం మోస్తుంది. రిటైరైనవాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం టౌన్ నెత్తిన ఉంటుంది. ఓపెబ్ అని పద్దు చివర ఒక పెద్ద అంకె కనిపిస్తుంది చూడండి, అది దీనికి సంబంధించిందే.

బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఏం జరిగిందో చూడండి. 2023 మార్చిలో అక్కడి ఓటర్లు రెండు స్కూళ్ళ నిర్మాణానికి డెట్ ఎక్స్‌క్లూజన్లు ఆమోదించి, అదే రోజు నిర్వహణ ఖర్చుల ఓవర్‌రైడ్‌ని ఓడించారు. 2024 జనవరిలో టీచర్లు సమ్మెకు దిగారు, 11 రోజులు స్కూళ్ళు నడవలేదు. ఇక్కడ ప్రభుత్వోద్యోగుల సమ్మె చట్టవిరుద్ధం, అయినా చేశారు. ఒకదాని వల్లే రెండోది జరిగిందని నేననను. కానీ బిల్డింగుకి సరే, నడపడానికి వద్దు అనే ఓటు ఏ ఊళ్ళో పడ్డా నాకు బెంగగానే ఉంటుంది.

స్థలం విషయం. పాత చోటే కడితే స్థలం కొనక్కర్లేదు, నిజమే. కానీ పిల్లలు లోపల చదువుతుండగా పక్కన కట్టాలి, లేదా మాడ్యులర్ గదులు (తెచ్చి నిలబెట్టే తాత్కాలిక గదులు) అద్దెకు తెచ్చి వాళ్ళని అందులో పెట్టాలి. ఆ డబ్బు నిర్మాణం అయ్యాక కంటికి కనిపించదు. కొత్త చోటైతే మొదట అడగాల్సింది, అది పార్కు లేదా కన్జర్వేషన్ భూమా అని. అలాంటి భూమే అయితే రాష్ట్ర రాజ్యాంగంలోని ఆర్టికల్ 97 ప్రకారం శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓటు కావాలి. 2022లో వచ్చిన చట్టం ప్రకారం సాధారణంగా బదులు భూమి కూడా చూపించాలి. వెట్‌లాండ్ (చిత్తడి నేల) చుట్టూ 100 అడుగులు, నది వెంట మామూలుగా 200 అడుగులు నియంత్రణలో ఉంటాయి. మ్యాపులో విశాలంగా కనిపించిన స్థలం ఈ గీతలన్నీ గీశాక ఎంత మిగులుతుందో చూడండి.

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగేది, స్థలం వల్ల టీచర్ల సంఖ్య ఎలా మారుతుందన్నది. రెండు చిన్న స్కూళ్ళలో రెండో తరగతిలో చెరో 52 మంది ఉన్నారనుకోండి. రెండేసి సెక్షన్లయితే 26 మంది, మరీ ఎక్కువ. అందుకని మూడేసి, మొత్తం ఆరు సెక్షన్లు. అందరూ ఒకే స్కూల్లో ఉంటే 104 మందికి ఐదు సెక్షన్లు చాలు, 21 మంది లోపే. తరగతికి ఒక టీచరు చొప్పున తేడా, ప్రతి ఏడూ. ఇంకోవైపు, నడిచి వచ్చే పిల్లలు తగ్గి బస్సులు పెరుగుతాయి. ఆరో తరగతి దాకా 2 మైళ్ళ కన్నా దూరంలో ఉన్నవాళ్ళకి ఉచిత బస్సు ఇవ్వాలని రాష్ట్ర చట్టం. పెద్ద స్థలం దొరికిందంటే రెండు స్కూళ్ళు కలపొచ్చన్న ఆలోచన దాని వెంటే వస్తుంది. మీ ఇంటి దగ్గరి స్కూల్ మూతపడటం మీకిష్టమా కాదా అన్నది వేరే ప్రశ్న, నాకైతే ఇష్టం లేదు. కానీ ఇష్టాన్ని, లెక్కని రెండింటినీ చూసి తేల్చుకోవాలి.

రాష్ట్రం వాటా గురించి. 2004లో ఏర్పడ్డ స్కూల్ బిల్డింగ్ అథారిటీకి 6.25 శాతం అమ్మకపు పన్నులో ఒక శాతం పాయింటు, అంటే డాలరు అమ్మకానికి ఒక సెంటు, వెళ్తుంది. వాళ్ళిచ్చే రీయింబర్స్‌మెంట్ 31 శాతంతో మొదలై టౌన్ ప్రజల ఆదాయం, ఆస్తుల విలువ, పేదరికం లాంటివాటిని బట్టి పెరుగుతుంది. అయితే అది అర్హమైన ఖర్చుల మీద మాత్రమే. స్థలం కొన్న డబ్బుకి రాదు. చదరపు అడుగు ఖర్చు మీద కూడా పరిమితి ఉంది. అందుకే స్లైడులో కనిపించే శాతం కన్నా మొత్తం ఖర్చులో అసలు వచ్చేది బాగా తక్కువ. "టౌన్ వాటా డాలర్లలో ఎంత" అనే అడగండి.

ఆ వాటా 10 కోట్ల డాలర్లు, వడ్డీ 4 శాతం అనుకుంటే, 30 ఏళ్ళ సమాన కిస్తీల్లో ఏడాదికి దాదాపు 58 లక్షలు, మొత్తం 17 కోట్లు దాటుతుంది. 20 ఏళ్ళకైతే ఏడాదికి 73 లక్షల పైన, మొత్తం పద్నాలుగున్నర కోట్లు దాటుతుంది. అసలు (ప్రిన్సిపల్) ఏటా సమానంగా తీర్చే పద్ధతిలో 30 ఏళ్ళకే తీసుకున్నా మొదటి ఏడాదే 73 లక్షలు పడి తర్వాత తగ్గుతూ వస్తుంది. మా దగ్గర ఒక హియరింగ్‌లో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ లేచి, "సగటు చెప్పొద్దు, నా బిల్లు అన్నిటికన్నా ఎక్కువ ఉండే ఏడు ఎంత కట్టాలో చెప్పండి" అంది. అంతకన్నా మంచి ప్రశ్న నేను ఆ గదిలో వినలేదు. అలాంటివాళ్ళకి పన్ను వాయిదా వేసే ఏర్పాట్లు, వయసు మీద మినహాయింపులు ఉన్నాయి, అసెసర్ ఆఫీసులో (ఇళ్ళ విలువ కట్టే టౌన్ ఆఫీసు) అడగమని చెప్పండి.

ఫ్రీ క్యాష్‌తో జీతాలు సర్దుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది గతేడాది మిగులు, వచ్చే ఏడు ఉంటుందన్న హామీ లేదు. మంచు ఎక్కువ కురిసిన ఏడాది సగం దానికే పోవచ్చు.

కాబట్టి మీరు అడగాల్సిన కాగితం ఒకటే: పదేళ్ళ అంచనా, ఒక్కో స్థలానికి ఒకటి. అందులో అప్పు కిస్తీ, స్టెప్పులతో కలిపి జీతాలు, ఇన్సూరెన్స్, బస్సులు, ఏ ఏడాది ఓవర్‌రైడ్ అవసరం పడుతుందో అన్నీ ఉండాలి. మా టౌన్‌లో ఇది మొదట "అంత దూరం చెప్పలేం" అన్నారు. రెండు మూడు ఊహల మీద చెయ్యమని అడిగితే చేశారు. అది చూశాకే నేను ఖరీదైన స్థలానికి ఓటేశాను, ఎందుకంటే నడిపే ఖర్చు అక్కడే తక్కువ.

మీరు హెచ్1బీ మీద గానీ గ్రీన్ కార్డు మీద గానీ ఉంటే ఓటు ఉండదు. కానీ ఫైనాన్స్ కమిటీ, స్కూల్ కమిటీ సమావేశాలు ఓపెన్ మీటింగ్ చట్టం కింద అందరికీ తెరిచే ఉంటాయి. పబ్లిక్ హియరింగ్‌లో ఛైర్ పిలిస్తే మాట్లాడొచ్చు, పద్దు కాగితాలు అడిగి తీసుకోవచ్చు. పన్ను మనమూ కడుతున్నాం. మా టౌన్‌లో అసలు బేరసారాలన్నీ జనవరి నుంచి మార్చి మధ్యలో, గదిలో పది మంది కూడా లేనప్పుడు జరుగుతాయి. మే నెల టౌన్ మీటింగ్ (పద్దు మీద ఓటేసే సభ) నాటికి మార్చడానికి మిగిలేది చాలా తక్కువ. టౌన్ క్లర్క్ క్యాలెండర్లో మీ ఊరి తేదీలు చూసుకుని ఆ హియరింగులకే వెళ్ళండి.