సామాను ఎక్కించే ముందు చోటు చూసుకో

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. తణుకులో అమ్మమ్మ వంటింట్లో రోలు దగ్గర్నుంచి పోపులపెట్టె దాకా ఒక్కటీ వదలకుండా తీశావు. "ఇల్లు అమ్మేస్తున్నారు, వీటిలో ఏవి తెచ్చుకోమంటావు పెద్దమ్మా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. లారీ మాట్లాడుకునే ముందు ఒకసారి పూర్తిగా చదువుకో.

ఆ సామాన్లన్నిటికీ అక్కడ ఒక్కోదానికి ఒక్కో చోటు ఉండేది. రోలుకి నేల, పక్కన తూము. జాడీలకి అటక. కవ్వానికి స్తంభం, తాడు. గరిటెలకి గోడకి కొట్టిన మేకులు. చోటు ఉంది కాబట్టే అవి రోజూ చేతికి దొరికేవి, దొరికాయి కాబట్టే వాడేవాళ్లం. నీ హైదరాబాద్ ఫ్లాట్‌లో చోటు చూపించకుండా సామాను మాత్రం తెస్తే ఏమవుతుందో నీ స్నేహితుల ఇళ్లలో చూసే ఉంటావు. రుబ్బురోట్లో నీళ్లు పోసి పూలరేకులు వేస్తారు, ఇత్తడి బిందెలో ఎండిన గడ్డి గుచ్చుతారు. అలా పెట్టుకోవడం తప్పని నేను అనను. నువ్వు అడిగింది వండుకోవడానికి కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను.

ఇంటీరియర్ వాళ్లు ఇంకా పని మొదలుపెట్టలేదన్నావు, మంచిదైంది. వాళ్లతో మొదట మాట్లాడాల్సింది కడుగుడు చోటు గురించి. యుటిలిటీ బాల్కనీలో నేల మీద మూడడుగుల చదరం వదిలించు. చుట్టూ నాలుగంగుళాల గట్టు, మూలన జాలీ వేసిన తూము, అడుగున్నర ఎత్తులో ఒక పంపు పెట్టించు. పెద్ద గిన్నెలు, పండగనాటి గుండిగ, ఆవకాయ కాయలు, తోటకూర కట్టలు, అన్నీ అక్కడ పీట వేసుకుని కడుక్కోవచ్చు. సింకులో గుండిగ తోమాలంటే నడుము ఒక పక్కకి, గిన్నె ఒక పక్కకి వంగుతాయి. వాటర్‌ప్రూఫింగ్ మాత్రం గట్టిగా చేయించు. కింద ఫ్లాట్ వాళ్ల సీలింగుకి చెమ్మ దిగిందంటే, నువ్వు రోట్లో నూరి ఎంత మంచి గోంగూర పచ్చడి పంపినా వాళ్ల కోపం తగ్గదు.

పొయ్యి గట్టుకి అమ్మమ్మ ఇంట్లో లాగే కడప బండ వేయిస్తానన్నావు. వద్దు. అది సున్నపురాయి జాతిది, పులుపంటే పడదు. నిమ్మరసమో చింతపండు పులుసో పడి కాసేపుంటే తెల్లటి మచ్చ పడిపోతుంది. అమ్మమ్మ గట్టు నల్లగా నిగనిగలాడేదంటే, పనయ్యాక నూనె గుడ్డతో తుడవడం ఆవిడకి అలవాటు. నువ్వు ఆఫీసుకి పరిగెత్తే మనిషివి. పొయ్యి గట్టుకి గ్రానైట్ వేయించి, లోపల అరలకి కడప బండ పెట్టించు. ప్లైవుడ్‌లా చెద పట్టదు, నీళ్లకి ఉబ్బదు, జాడీల బరువు మోస్తుంది. గట్టు ఎత్తు విషయంలో వాళ్లు చెప్పే కొలత వినకు. నువ్వు నిలబడి మోచెయ్యి మడిచి, దానికి బెత్తెడు కిందకి గీత గీయించు.

ఇప్పుడు రోళ్ల సంగతి. ఫోటోలో మూడున్నాయి. నేలలో పాతిన పెద్ద రోలు జోలికి వెళ్లకు. తవ్వి తీసినా దంచేవాళ్లు లేరు, దంచినా ఆ చప్పుడు ఫ్లాటులో ఎవరూ భరించరు. రుబ్బురోలు కూడా వదిలెయ్. దాని పని చెయ్యడానికి వెట్ గ్రైండర్ ఉంది. 1955లో కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన దాన్ని తయారుచేశాడు. రాయి అదే, తిప్పేది మాత్రం మోటారు. మిక్సీలో బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది. రాయి నిదానంగా నలుపుతుంది కాబట్టి మినప్పిండి చల్లగా ఉండి గాలి పట్టి పొంగుతుంది. కాబట్టి రుబ్బురోలు రుచి గ్రైండర్‌లో నీకు దాదాపు దొరికినట్టే.

మూడోది, చిన్న పచ్చడి రోలు. అది మాత్రం తప్పకుండా తెచ్చుకో. దాని పని ఏ మెషీనూ చెయ్యదు. దోసకాయ ముక్క ముక్కలాగే ఉండి, మిరపకాయ మాత్రం మెదగాలంటే రాయే కావాలి. చాలా ఏళ్లుగా వాడలేదు కాబట్టి ముందు బ్రష్షుతో కడిగి ఎండలో పెట్టు. తరవాత గుప్పెడు బియ్యం, కాస్త కల్లుప్పు వేసి నూరు. ఆ పిండి బూడిదరంగులో వస్తుంది, పారెయ్. మళ్లీ కొత్త బియ్యం వెయ్. పిండి తెల్లగా వచ్చి, వేళ్లతో రాస్తే ఇసుక తగలకుండా పోయేదాకా ఇలాగే చెయ్యాలి. లోపల మరీ నున్నగా అరిగిపోయి ఉంటే రాయి కొట్టేవాళ్లతో గాట్లు పెట్టించు, ఆ తరవాత ఈ బియ్యం పని మళ్లీ మొదటినుంచీ. సబ్బు పెట్టకు, రాయి పీల్చుకుంటుంది. కింద దళసరి రబ్బరు షీటు వేసి, నేను చెప్పిన ఆ కడుగుడు చోట్లోనే ఉంచు. అలమరలో దాచావంటే ఇక తియ్యవు.

రాచ్చిప్ప చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ముక్కల పులుసుకి దాన్ని మించింది లేదు. అయితే అది మెత్తటి రాయి, గాజుకంటే జాగ్రత్తగా చూసుకోవాలి. ఆముదంలో పసుపు కలిపి లోపలా బయటా పట్టించి ఒక రోజు ఉంచు. కడిగేసి, తరవాత కొన్నాళ్లు రోజూ వేడి గంజి పోసి ఉంచు. ఆ తరవాతే పొయ్యి ఎక్కించు, అదీ సన్నసెగ మీద, లోపల ఏదో ఒకటి పోశాకే. ఖాళీది పెట్టావంటే పగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోసినా అంతే. పట్టకారు పెడితే అంచు విరుగుతుంది కాబట్టి రెండు గుడ్డలతో పట్టుకుని దించాలి. ఇంకోటి, పులుసు ఇంకా కాస్త ఉడకాలి అనిపించినప్పుడే స్టవ్ ఆపెయ్. దించాక కూడా అది చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. కొత్తవాళ్లందరూ ఇక్కడే మాడుస్తారు. కడగడానికి శనగపిండి చాలు.

ఇత్తడి గిన్నెల విషయంలో నీకు ఉత్సాహం ఎక్కువగా ఉంది, కొంచెం ఆగు. బిందెలు, గంగాళం నీళ్లకి కాబట్టి ఫరవాలేదు. వండే గిన్నెలకి లోపల కళాయి ఉందో లేదో చూడు. వెండిలా తెల్లటి పూత ఉండాలి. పూత పోయి పసుప్పచ్చగా కనిపించే గిన్నెలో చారో, పులుసో, పెరుగో పెడితే కిలుము పట్టి వాంతులవుతాయి. కళాయి వేసేవాళ్లు వీధుల్లోకి రావడం తగ్గిపోయింది కాబట్టి అక్కడ ఉండగానే పని ముగించుకో. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి సామానుకి పేరున్న ఊరు, అక్కడ అడుగు. కళాయి వేసేటప్పుడు దగ్గరుండి చూడు. గిన్నె కాల్చి, నవసాగరం అనే ఉప్పు చల్లి, తగరం ముక్క తాకించి దూదితో తుడుస్తారు, తెల్లటి పొగ లేస్తుంది, కొంచెం దూరంగా నిలబడు. తగరంలో సీసం కలపొద్దని గట్టిగా చెప్పు, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకని కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, అందులో వేపుళ్లు, పోపులు చెయ్యకూడదు. పోపు ఇనప గరిటెలో వేయించి అందులో పొయ్యాలి. ఇంత పని నావల్ల కాదనుకుంటే రెండు గిన్నెలే తెచ్చుకో, మిగతావి అక్కడే ఎవరికైనా ఇచ్చెయ్. కళాయి లేని ఇత్తడిలో వండటం కంటే స్టీలు గిన్నె వెయ్యి రెట్లు నయం.

జాడీలు నాలుగూ ఎక్కించు, కానీ పరీక్ష పెట్టి. వేలితో కొడితే ఖంగుమనాలి. డొక్కు చప్పుడు వస్తే పగులుంది. నీళ్లు నింపి రాత్రంతా కాగితం మీద ఉంచితే పొద్దున్నకి కాగితం తడవకూడదు. బయట వైపు తెల్లగా ఉప్పు పూసి ఉందంటే లోపలి పూత బీటలు వారి ఊట దిగుతోందన్నమాట, అలాంటిదాంట్లో ఊరగాయ పెట్టకు. మిగతావి ఎండలో బాగా ఎండబెట్టి, ఆవకాయ పెట్టాక మూతికి గుడ్డతో వాసెన కట్టి కడప బండ అరలో కింది వరసలో పెట్టుకో. పై అటక ఎక్కించావంటే దించడానికి నీకు మనిషి దొరకడు.

జాలీ బీరువా మీద నీకు మోజు ఉందని తెలుసు, నాకూ ఉంది. 1958లో గోద్రెజ్ ఫ్రిజ్ వచ్చినా మన ఇళ్లకి అది చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా పాలు, కూరలు, పిల్లి నోట పడకూడని ప్రతిదీ ఇందులోనే. ఇప్పుడైనా అరటిపళ్లు, బెల్లం, సున్నుండలు, రాత్రికి తినాల్సిన కూర అందులో పెట్టుకుంటే ఫ్రిజ్ ఇరుకు తగ్గుతుంది. కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు పెడతాం కదా, ఆ నీళ్లు వారానికోసారైనా పారబోసి గిన్నెలు రుద్ది కడగాలి. లేకపోతే డెంగీ దోమకి నువ్వే ఇల్లు కట్టిచ్చినట్టు. తలుపు జాలీ తుప్పు పట్టి ఉంది, స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ వేయించు.

పొయ్యిల గురించి నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. కట్టెల పొయ్యి మీద వండిన పప్పు రుచి అంటూ మీ తరం తెగ మురిసిపోతోంది. ఆ పొగలో ఊదుగొట్టం ఊదుతూ దగ్గుతున్న అమ్మని చూసినదాన్ని నేను. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్లకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు, పొయ్యి రుచి పోతుందని మొగవాళ్లలో కొందరు గొణిగారు కానీ వండే ఆడవాళ్లు ఒక్కరూ గొణగలేదు. కట్టెల పొయ్యి తలపు తలపుగానే ఉండనీ. కుంపటి కావాలంటే తెచ్చుకో, వంకాయ కాల్చుకోవడానికి బాగుంటుంది. అయితే గాలి ధారాళంగా ఆడే బాల్కనీలోనే వెలిగించు. కాలే బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, తలుపులు మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. చలికాలం వెచ్చగా ఉంటుందని కూడా లోపల పెట్టుకోకు. పంపు స్టవ్ మాత్రం అలంకారానికే, అందులో కిరోసిన్ పొయ్యకు.

కరెంటు సామాను చివరికి మిగిలింది. తాతయ్య కొన్న సుమీత్ మిక్సీ మోటారు ఇంకా తిరుగుతోందంటే నాకు ఆశ్చర్యం లేదు. మన పప్పులు, పచ్చళ్లు రుబ్బలేక తన ఇంట్లో విదేశీ మిక్సీ చెడిపోతే, సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు 1963లో బొంబాయిలో గట్టి మోటారుతో తయారుచేసిన మిక్సీ అది. తెచ్చుకో, కానీ మెకానిక్‌కి చూపించకుండా ప్లగ్ పెట్టకు. వైరు మొత్తం మార్పించు, మూడు పిన్నుల ప్లగ్ వేయించు, కార్బన్ బ్రష్షులు, జార్ కింద బుష్ చూపించు, ఒంటికి కరెంటు రావడం లేదని టెస్టర్‌తో పరీక్షించమను. పాత ఫ్రిజ్ మాత్రం ఎంత ముద్దొచ్చినా వద్దు. స్టార్ రేటింగులు మొదలైందే 2006లో, అది అంతకుముందుది, కరెంటు బాగా తాగుతుంది. కాయిల్ స్టవ్ కూడా వదిలెయ్. ప్రెషర్ కుక్కర్ అడుగు ఉబ్బి గుంటలు పడి ఉంది, దాని మీద మమకారం పెట్టుకోవద్దు.

చిన్న వాటిల్లో పోపులపెట్టె, కాఫీ ఫిల్టర్, జంతికల గొట్టం, సోల, తవ్వ, మానిక తెచ్చుకో. ఇత్తడి కొలతలు తెస్తే అమ్మమ్మ వంటలు ఆవిడ కొలతతోనే చెయ్యొచ్చు. నాలుగు మానికలు ఒక కుంచం, ఇది గుర్తుంటే పండగ లెక్క తేలిపోతుంది. కత్తిపీట నీ పిల్లలు పెద్దయ్యాక చూద్దాం. తేవాలనే పట్టు ఉంటే కూర తరిగి లేచాక నిలబెట్టి వదిలెయ్యకుండా, కత్తి అలుగు గోడవైపు తిప్పి పడుకోబెట్టడం అలవాటు చేసుకో. తిరగలి మా అబ్బాయి అడిగాడు, దాన్ని అటు పంపించు.

ప్యాకింగ్‌లో రాచ్చిప్పని పాత చీరలో చుట్టి బియ్యం డబ్బాలో కూరి నీ కార్లో తెచ్చుకో, లారీలో వెయ్యకు. జాడీలు మూతలు వేరుగా చుట్టాలి. రోలు బరువు మేస్త్రీకి ముందే చెప్పు, మీ అపార్ట్‌మెంట్ వాళ్లు సర్వీస్ లిఫ్ట్ ఇస్తారో లేదో కూడా కనుక్కో. కళాయి పనికి రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి శుక్రవారమే బయల్దేరు. నేను తణుకు వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ