కుంపటి బయటే ఉండాలి, అమ్మడూ

అమ్మడూ,

సంక్రాంతికి ముందు పిల్లలిద్దర్నీ తీసుకుని లంబసింగి దగ్గర తాజంగి రిజర్వాయర్ గట్టున టెంట్‌లో పడుకుంటారటగా, మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. లాడ్జి దొరక్క కాదట, కావాలనే అట! వినగానే నవ్వొచ్చింది. చిన్నప్పుడు తడి గచ్చు మీద కాలు పెట్టమంటే ఊరంతా వినపడేలా ఏడ్చేదానివి. ఆ పిల్లేనా ఇదని కాస్త గర్వపడ్డాను కూడా. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావని కాగితం మీద రాస్తున్నాను. పూర్తిగా చదువు.

నర్సీపట్నంలోనే పెట్రోలు పోయించుకోండి. చీకటి పడకముందే ఘాట్ ఎక్కెయ్యాలి, మంచు దిగాక ఎదురుగా వచ్చే లారీ కూడా కనబడదు. దోమలకి పూసుకునేది మర్చిపోకు, ఆ ఏజెన్సీ మలేరియా నన్ను రెండుసార్లు మంచం పట్టించింది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్, నీళ్లలో దిగడాలు వద్దు. బొంగు చికెన్ మీ ఇష్టం.

పరుపుల సంగతి మాత్రం కొంచెం విను. అందరూ పైన కప్పుకోవడానికి నాలుగు దుప్పట్లు మోసుకెళ్తారు, కింద ఒక పల్చటి చాప వేస్తారు. చలి నేలలోంచి వస్తుందమ్మా. కింద రెండు, పైన ఒకటి చాలు. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తే కదా అనుకోకు. ఆ ఊరికి కొర్రబయలు అని పేరు ఊరికే రాలేదు, రాత్రి బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని.

ఇప్పుడు అసలు సంగతి.

1991లో నేను చింతపల్లిలో బడిపంతుల్ని. కార్తీకమాసం వనభోజనాలకని మీ అమ్మానాన్నలు వచ్చారు, నీకు మూడేళ్లు. అందరూ సాయంత్రానికి ఇంటికి పోదామంటే, నేనే పట్టుబట్టి వాగు పక్కన రాత్రి ఉండిపోదామన్నాను. పట్నం నుంచి వచ్చిన బావగారికి అడవి చూపించాలని నా కోరిక. లారీ వాళ్లనడిగి టార్పాలిన్ తెచ్చి, రెండు పనస చెట్లకి తాడు కట్టి దాని మీద వేశాను. ఇటూ అటూ అంచుల మీద రాళ్లు పెట్టి, మిగిలిన సందుల్లో గోనెసంచులు కుక్కాను. గాలి చొరబడే చోటే లేదని మీ నాన్న దగ్గర గొప్పలు కూడా పోయాను.

తెల్లార్లూ వెచ్చగా ఉండాలని, నెగడులోంచి ఎర్రటి బొగ్గులు ఇనుప బాణలిలోకి ఎత్తి లోపల పెట్టాను. అక్కడి గిరిజనుల ఇళ్లలో పొయ్యి చుట్టూ పడుకోవడం రోజూ చూసేవాణ్ణి కదా, వాళ్లకి లేని ప్రమాదం మనకేంటనుకున్నాను. పైగా పొగ కూడా లేదు. అదే మోసం. మండే కట్టెకి పొగ ఉంటుంది, కళ్లు మండుతాయి, లేచి బయటికి పోతాం. బొగ్గు నిప్పులు ఏమీ తెలియనివ్వవు.

ఏ రెండు గంటలప్పుడో నువ్వు నా శాలువా మీద వాంతి చేసుకున్నావు. మీ అమ్మ మత్తుగా, “మధ్యాహ్నం పులిహోర పడలేదన్నయ్యా” అంది. నాకూ తల పగిలిపోతోంది, మళ్లీ మలేరియా అనుకున్నాను. శాలువా కడుక్కొద్దామని లేచాను, మోకాళ్లు మడతపడి గోనెసంచుల మీద పడ్డాను. అవి పక్కకి జరిగి, చల్లగాలి మొహానికి కొట్టింది. నిన్ను ఎత్తుకుని బయటికి పాక్కుంటూ వచ్చాను. నీ తల నా భుజం మీద తోటకూర కాడలా వేలాడింది. మీ నాన్నని మూడుసార్లు పిలిచినా పలకలేదు, కాళ్లు పట్టుకుని లాగాను. అమ్మా, అత్తయ్యా ఎలా బయటికొచ్చారో నాకు సరిగ్గా గుర్తులేదు. మంచులో కూర్చున్నాం. చాలాసేపటికి నువ్వు ఏడ్చావు.

పొద్దున్నే జీలుగు కల్లు దించుకెళ్తున్న ముసలాయన ఒకడు ఆ బాణలి చూసి, నాకొక్కడికే వినబడేలా అన్నాడు: “మా ఇంట్లోనూ నిప్పుంటది మాస్టారూ, కానీ పైన గడ్డి కదా, ఊపిరి పోతాది. మీరు మూటలో పడుకున్నారు.”

దాన్ని కార్బన్ మోనాక్సైడ్ అంటారని, రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అదెక్కి కూర్చుంటుందని తర్వాతెప్పుడో చదివాను. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు, అంతే.

అందుకని, అక్కడ టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు ప్రేమగా కుంపటి తెచ్చిచ్చినా సరే, గుడ్డ దాటి లోపలికి రానివ్వకు. ఆరిపోయినట్టున్న బొగ్గులు కూడా వద్దు. గ్యాస్ పొయ్యి వద్దు. కారు స్టార్ట్ చేసి హీటరు వేసుకుని పడుకుందామని మీ ఆయన అంటే, మావయ్య తిట్టాడని చెప్పు. టెంట్ జిప్పు పైన జానెడు తెరిచి ఉంచండి. మంచు పడుతుంది, పడనీ. ఎవరైనా తల బరువుగా ఉందంటే, ఏం తిన్నావని ఆరా తీయొద్దు, ముందు బయటికి తీసుకురా.

ఇదంతా రాసి నీ సరదా చెడగొట్టానేమో. పోండి, తప్పకుండా పోండి. చెరువులవేనం కొండ ఎక్కి తెల్లవారకముందే కూర్చుంటే మేఘాలు మన కాళ్ల కింద ఉంటాయి, పిల్లలు జన్మలో మర్చిపోరు. కాఫీ పళ్లు కోసే రోజులు కూడా అవే. వలిసె పూలు ఇంకా ఉంటే చేను గట్టు మీద నుంచే ఫొటో తీయించుకో, లోపలికి దిగి తొక్కకు. అది ఎవరిదో పంట.

మీ అమ్మ ఆ రోజు నుంచి బయట పులిహోర ముట్టదు, చూశావా? ముప్పై ఏళ్లు దాటింది. నేను నోరు విప్పలేదు. పాపం, పులిహోర తప్పేం లేదు. పండక్కి వచ్చినప్పుడు నేనే చెప్తాను, నువ్వు తొందరపడకు.

తెల్లారగానే ఫోన్ చెయ్యి. అక్కడ సిగ్నల్ లేకపోతే లంబసింగి జంక్షన్‌కి వచ్చి చెయ్యి. నేను నాలుగింటికే లేచి కూర్చుంటాను.

మీ మావయ్య