గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో బ్లాక్ హోల్ పక్కన ఆకాశాన్ని చూపించగలమా?

అమలాపురంలో కాలేజీ ఎగ్జిబిషన్‌కి బ్లాక్ హోల్ దగ్గర రాత్రి ఆకాశం ఎలా ఉంటుందో చూపించాలి, మామూలు లాప్‌టాప్ చాలుతుందా అని అడిగారు. చాలుతుంది. తన చుట్టూ తాను తిరగని బ్లాక్ హోల్‌ని తీసుకుంటే, కాంతి ఎంత వంగుతుందన్నది కేంద్రం నుంచి మీ చూపు ఎన్ని డిగ్రీలు పక్కకుందో దాన్నిబట్టే ఉంటుంది. ఒక్క పట్టిక వేసుకుంటే అన్ని పిక్సెళ్ళకీ అదే.

హొరైజన్ (దాటితే కాంతి కూడా వెనక్కి రాలేని హద్దు) వ్యాసార్థం 1, మీరున్న దూరం 10 అనుకోండి. దూరానికి విలోమం 'యు'. కిరణం కేంద్రం చుట్టూ తిరిగే కోణంతో పాటు యు మారే రేటు యు′, ఆ రేటు మారే రేటు యు″. సమీకరణం: యు″ = 1.5యు² − యు. మొదట యు = 0.1, యు′ = 0.1 × √0.9 ÷ టాన్(చూపు కోణం). పైథాన్‌లో రంగె-కుట్టా పద్ధతిలో (సమీకరణాన్ని చిన్న చిన్న అడుగుల్లో లెక్కగట్టే పద్ధతి) 0.01 రేడియన్ చొప్పున నడపండి. యు 1 దాటితే నలుపు. సున్నాకి దిగితే, అప్పటికి తిరిగిన మొత్తం కోణమే ఆ వెలుగు వచ్చిన దిక్కు. నల్లటి నీడ అంచు 14.3 డిగ్రీల దగ్గర రావాలి. 15 వచ్చిందంటే √0.9 మర్చిపోయారన్నమాట. అంచు దగ్గర కోణాలు బాగా దట్టంగా తీసుకోండి, అక్కడ కిరణం చుట్లు తిరుగుతుంది.

ఓడలరేవు బీచ్‌లో తీసిన ఫోటో పనికిరాదు. నీడ చుట్టూ మొత్తం ఆకాశం, మీ వీపు వెనకది కూడా, ఇరుక్కుని కనిపిస్తుంది. దక్షిణ ధ్రువం చుట్టూ 16 డిగ్రీల మేర ఆకాశం కోనసీమలో ఏ రాత్రీ ఉదయించదు. పూర్తి గోళం పనోరమా కావాలి.

అసలు నా బాధ నక్షత్రాల గురించి. అందరూ పనోరమాలో ఉన్న చుక్కల్నే వంచేస్తారు, అవి అరటికాయల్లా సాగి కనిపిస్తాయి. అది తప్పు. నక్షత్రం బిందువు, వంగినా బిందువే, ప్రకాశం మాత్రమే మారుతుంది. పనోరమాని పాలపుంత మసక వెలుగుకే వాడండి. చుక్కల్ని 9,110 నమోదులున్న యేల్ బ్రైట్ స్టార్ కేటలాగ్ (ప్రకాశవంతమైన నక్షత్రాల జాబితా) నుంచి విడిగా పెట్టండి. కేంద్రం నుంచి నక్షత్రం అసలు కోణం 'సై' అయితే, పట్టికలో తిరిగిన మొత్తం కోణం 180 − సై ఉన్న దగ్గర మొదటి బింబం, అవతలి పక్కన 180 + సై దగ్గర రెండోది. మూడోది వద్దు, కంటికి ఆనదు. బింబం వైశాల్యం ఎంత పెరిగిందో ప్రకాశం అంత పెంచాలి. సరిగ్గా వెనకున్న నక్షత్రానికి లెక్క అనంతానికి పోతుంది, పరిమితి పెట్టండి. వెలుగు రంగు నీలి వైపు జరగడం ఇక్కడ 5 శాతమే, వదిలేయవచ్చు.

బ్లాక్ హోల్‌ని సప్తర్షుల మీదుగా నెమ్మదిగా జరిపి వీడియో ముందే చేసి ఉంచుకోండి. ఏడు చుక్కలూ తొలగిపోవడం, అవతల వాటి జంటలు పుట్టడం ఎవరికైనా అర్థమవుతుంది.