విద్యుదయస్కాంత క్షేత్రానికీ గురుత్వం ఉందా?

ప్రశ్న: కాంతి కణమైన ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేదంటారు. గురుత్వాకర్షణకు మూలం ద్రవ్యరాశే అయితే, విద్యుదయస్కాంత క్షేత్రం గురుత్వాన్ని పుట్టించి స్థలకాలాన్ని (స్థలమూ కాలమూ కలిసిన అల్లికను; దాని వంపే గురుత్వమని ఐన్‌స్టీన్ సిద్ధాంతం) వంచగలదా? వంచగలిగితే, బలమైన అయస్కాంతంతో వస్తువుల బరువు తగ్గించవచ్చా?

జవాబు: వంచగలదు. ద్రవ్యరాశి ఒక్కటే గురుత్వానికి మూలమన్నది న్యూటన్ నాటి లెక్క. 1915లో ఐన్‌స్టీన్ పూర్తిచేసిన సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో ఆ స్థానం శక్తికీ, ద్రవ్యవేగానికీ, పీడనానికీ కలిపి దక్కింది. విద్యుదయస్కాంత క్షేత్రానికి ఈ మూడూ ఉన్నాయి కనుక, ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేకపోవడం ఇక్కడ అడ్డు కాదు. విద్యుదావేశమున్న గోళం చుట్టూ స్థలకాలం ఎలా వంగుతుందో శాస్త్రవేత్తలు రైస్నర్ 1916లోనూ, నోర్డ్‌స్ట్రోమ్ 1918లోనూ గణించి చూపారు; ఆ గణితం ప్రకారం గోళం వెలుపల, పదార్థమనేదే లేని చోట కూడా, క్షేత్రం తన వంతు వక్రతను కలుపుతూనే ఉంటుంది. 1919 నాటి సూర్యగ్రహణంలో నక్షత్రకాంతి వంగినట్లు కొలిచిన సంగతిని చాలామంది దీనికి రుజువుగా చెబుతారు కానీ, అది సూర్యుడి గురుత్వానికి కాంతి లోబడటమే తప్ప కాంతి గురుత్వాన్ని పుట్టించడం కాదు.

మరి ఆ ప్రభావం మనకెందుకు కనబడదు? 10 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) అయస్కాంత క్షేత్రం, ప్రయోగశాల ప్రమాణాల్లో చాలా బలమైనదే, ఒక ఘనపు మీటరు చోటులో సుమారు 4 కోట్ల జౌళ్ల శక్తిని నింపుతుంది. కాంతి వేగపు వర్గంతో భాగిస్తే దానికి సమానమైన ద్రవ్యరాశి అర మైక్రోగ్రాము కూడా ఉండదు. అదే చోటులో పట్టే గాలి 1.2 కిలోగ్రాములు తూగుతుంది. మాగ్నెటార్ అనే, అతి బలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ నక్షత్రాల (పేలిపోయిన పెద్ద నక్షత్రాల అతి సాంద్రమైన అవశేషాల) దగ్గర మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ క్షేత్రం వెయ్యి కోట్ల టెస్లాలకు చేరితే, ఆ క్షేత్రపు శక్తికి సమానమైన సాంద్రతే సీసం సాంద్రతకు దాదాపు 40 వేల రెట్లు ఉంటుంది.

అసలైన సాక్ష్యం విశ్వపు బాల్యంలో ఉంది. మహావిస్ఫోటం తర్వాత సుమారు 50 వేల సంవత్సరాల వరకూ విశ్వంలో పదార్థం కంటే వికిరణం వాటాయే ఎక్కువ కాబట్టి, విశ్వం ఎంత వేగంగా వ్యాకోచించాలో నిర్ణయించింది కాంతి, న్యూట్రినోల (ఆవేశం లేని, అతి తేలికైన కణాల) గురుత్వమే. తొలి నిమిషాల్లో ఎంత హీలియం తయారవుతుందన్నది ఆ వ్యాకోచ వేగం మీద ఆధారపడుతుంది. కాంతికి గురుత్వం ఉందని ఒప్పుకుని లెక్క వేస్తేనే, నేడు గమనిస్తున్న హీలియం పాళ్లతో ఫలితం సరిపోతుంది.

అంత దూరం వెళ్లనక్కరలేకుండా, మనం తూచే ప్రతి వస్తువులోనూ ఈ శక్తి కలిసే ఉంది. యురేనియం కేంద్రకంలో 92 ప్రోటాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకోవడం వల్ల నిల్వ ఉన్న విద్యుత్ శక్తి, ఆ కేంద్రకపు ద్రవ్యరాశిలో సుమారు 0.4 శాతానికి సమానం.

ఇక బరువు తగ్గించే ఆలోచనకు ఇందులో ఆస్కారం లేదు. క్షేత్రపు శక్తి సాంద్రత ఎప్పుడూ ధనాత్మకమే కనుక, అది తన చుట్టూ ఆకర్షణను పెంచుతుందే కానీ ఉన్న ఆకర్షణను రద్దు చేయదు. అయస్కాంత రైలు పట్టాల మీద తేలుతున్నప్పుడు కూడా భూమి దాన్ని మునుపటంత బలంగానే లాగుతుంది. ఆ లాగుడుకు సమానమైన అయస్కాంత బలం దాన్ని పైకి నిలిపి ఉంచుతుంది, అంతే.